ఇంటి పండ్ల రసం: గ్లాసులోకి ఏం వస్తోంది, పిప్పితో ఏం పోతోంది

(నల్లగొండలో ఉదయపు నడకకు వచ్చేవారు ఏర్పాటు చేసుకున్న సమావేశంలో, పోషకాహార శాస్త్రం బోధించిన ఒక విశ్రాంత అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

"ఇంట్లో తాజాగా తీసుకున్న పండ్ల రసం వల్ల కలిగే మేలు" అన్న విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. మేలు ఉన్నదన్న మాట నిజమే కనుక ఆ విషయాన్ని నేను సంతోషంగానే ఒప్పుకున్నాను. అయితే ఆ మేలు ఎక్కడి నుంచి వస్తుందన్న దగ్గర మాత్రం, మనలో చాలామంది అనుకునేదానికీ శాస్త్రం చెప్పేదానికీ కొంత దూరం ఉన్నది. పండును పిండి రసంగా మార్చినంత మాత్రాన దానికి కొత్త శక్తి ఏదీ చేరదు. నిజానికి పిండినప్పుడల్లా ఏదో ఒకటి పోతుంది. ఇంట్లో తీసుకోవడం వల్ల దక్కే అసలు లాభం ఏమిటంటే, ఏది పోవాలో ఏది ఉండాలో, అందులో ఏది కలపాలో ఏది కలపకూడదో, ఎంత తాగాలో నిర్ణయించే అధికారం మన చేతిలో ఉండడం. ఆ అధికారాన్ని ఎలా వాడుకోవాలన్నదే ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్న సంగతి.

మన జిల్లాలో కూర్చుని మాట్లాడుకుంటున్నాం కనుక బత్తాయితోనే మొదలుపెడతాను. సాత్గుడి బత్తాయికి నల్లగొండ ఎంత పేరు పొందిందో మీకు నేను చెప్పనవసరం లేదు. ఇక్కడ కూర్చున్నవారిలో తోటలు ఉన్నవారు కూడా ఉండే ఉంటారు. ఒక పెద్ద గ్లాసు, అంటే 250 మిల్లీలీటర్ల రసం రావాలంటే కాయ పరిమాణాన్ని బట్టి మూడు నాలుగు బత్తాయిలు పిండాలి. ఆ గ్లాసులోకి విటమిన్ సి దాదాపు 100 మిల్లీగ్రాములు వస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి లెక్క ప్రకారం పురుషుడికి రోజుకు 80, స్త్రీకి 65 మిల్లీగ్రాములు చాలు కనుక, ఒక్క గ్లాసుతో ఆ రోజు అవసరం తీరి ఇంకా మిగులుతుంది. పొటాషియం వస్తుంది, ఫోలేట్ అనే బి విటమిన్ కొంత వస్తుంది. ఇంతవరకూ లాభమే. కానీ అదే గ్లాసులో సుమారు 20 గ్రాముల చక్కెర కూడా ఉంటుంది. మనం చెంచాతో కలిపినది కాదు, పండులో సహజంగా ఉన్నదే. అంతే పరిమాణంలో ఉన్న కోలా పానీయంలో చక్కెర 26 గ్రాముల దరిదాపుల్లో ఉంటుందని గుర్తుచేస్తే, రెండింటి మధ్య మనం ఊహించుకున్నంత అంతరం లేదని మీకే తెలుస్తుంది.

"పండులో చక్కెర ఉంటే తప్పేమిటి, పండు తినడం మంచిదే కదా" అని మీరు అడగవచ్చు. పండు తినడం మంచిదే, అందులో సందేహం లేదు. తేడా అంతా పీచులో ఉన్నది. బత్తాయి తొన లోపల సన్నని సంచుల్లో రసం నిలవ ఉంటుంది. ఆ సంచుల గోడలు, తొనల మధ్య పొరలు, పైన తెల్లగా మెత్తగా ఉండే పొర, ఇవన్నీ పీచు. దాన్ని నమిలి మింగినప్పుడు చక్కెర ఆ పీచు మధ్యలోంచి తూము గుండా పంటకాలువలోకి వదిలిన నీటిలా నెమ్మదిగా రక్తంలోకి చేరుతుంది. వడకట్టిన రసంలో ఆ అడ్డు ఉండదు. ఇది కేవలం తర్కం కాదు. 1977లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక చిన్న ప్రయోగం ఫలితాలు వెలువడ్డాయి. ఒకే కొలత పిండి పదార్థం ఉండేలా పదిమందికి ఆపిల్ పండ్లను ఒకసారి యథాతథంగా, ఒకసారి మెత్తని గుజ్జుగా, ఒకసారి పీచు తీసిన రసంగా ఇచ్చి చూశారు. రసం పండు కంటే పదకొండు రెట్లు వేగంగా కడుపులోకి వెళ్లిపోయింది. పండు తిన్నప్పుడు కలిగిన తృప్తి గుజ్జుతో తగ్గింది, రసంతో మరీ తగ్గింది. రసం తాగినప్పుడు ఇన్సులిన్ ఎక్కువగా పెరిగి, ఆ తరువాత రక్తంలోని గ్లూకోజు మొదటి మట్టం కంటే కిందికి జారింది. పండు తిన్నప్పుడు అలా జరగలేదు. గంటన్నర తిరగకముందే మళ్లీ ఆకలి ఎందుకు వేస్తుందో ఈ ప్రయోగం చాలావరకు చెబుతుంది.

మూడు నాలుగు బత్తాయిలను వలిచి, తొన తొనా నమిలి తినమంటే రెండోదానికే చాలనిపిస్తుంది. అవే మూడు నాలుగు గ్లాసులోకి వస్తే రెండు నిమిషాల్లో ఖాళీ అవుతాయి, ఆ పైన టిఫిన్ కూడా యథావిధిగా సాగుతుంది. చిక్కు ఇక్కడే ఉన్నది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెరల మీద మార్గదర్శకాలు వెలువరించినప్పుడు, తగ్గించుకోవలసిన చక్కెరల జాబితాలో మనం కలుపుకునే పంచదారతో పాటు తేనెనూ, పండ్ల రసంలోని చక్కెరనూ చేర్చింది. పండులో ఉన్న చక్కెరను మాత్రం చేర్చలేదు. రోజుకు తీసుకునే మొత్తం శక్తిలో ఇటువంటి చక్కెరల వాటా పది శాతానికి మించకూడదని, ఐదు శాతం లోపే ఉంటే మరింత మేలని చెప్పింది. రెండు వేల కెలోరీలు తినే మనిషికి పది శాతమంటే 50 గ్రాములు, ఐదు శాతమంటే 25 గ్రాములు. అంటే పెద్ద గ్లాసు బత్తాయి రసం ఒక్కటే రెండో హద్దును దాదాపు తాకేస్తుంది. ఇక టీలో, కాఫీలో పడే చక్కెరకు చోటెక్కడిది? తార్నాకలో ఉన్న మన జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించి విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా రసం కంటే పండే మేలని చెబుతున్నాయి. ఎండాకాలంలో రోడ్డు పక్కన మనం ఆగి ఆగి తాగే చెరకు రసంలో ప్రతి 100 మిల్లీలీటర్లకూ 13 నుంచి 15 గ్రాముల చక్కెర ఉంటుందని అవి ప్రత్యేకంగా హెచ్చరించాయి. ఒక పెద్ద గ్లాసుతోనే ఇందాక చెప్పిన 25 గ్రాముల హద్దు దాటిపోతుంది. చెరకు బండి వాళ్ల మీద నాకేమీ కోపం లేదు. అప్పుడప్పుడూ తాగండి, దాన్ని ఆరోగ్య పానీయమని మాత్రం అనుకోకండి.

2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో వచ్చిన పెద్ద అధ్యయనం అమెరికాలోని ఆరోగ్య రంగ ఉద్యోగులను ఏళ్ల తరబడి గమనించి చేసినది. ద్రాక్ష, ఆపిల్, బ్లూబెర్రీ వంటి పండ్లను పండ్లుగా తిన్నవారిలో రెండో రకం మధుమేహం తక్కువగానూ, రసం ఎక్కువగా తాగినవారిలో కొంత ఎక్కువగానూ కనిపించింది. ఇటువంటి పరిశీలనలు కారణాన్ని నిరూపించలేవన్న మాట నేను తరగతి గదిలో ఎన్నోసార్లు చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను. అయినా ప్రయోగంలో తేలినదీ పరిశీలనలో కనిపించినదీ ఒకే దిక్కు చూపిస్తున్నప్పుడు దాన్ని పట్టించుకోకపోవడం వివేకం కాదు.

ఇదంతా విని, మేలు గురించి చెప్పమంటే కీడు గురించి చెబుతున్నదేమిటని మీలో కొందరికి అనిపించి ఉండవచ్చు. పాత్రలో ఏముందో చూడకుండా దాని గుణం చెప్పలేం కనుక ముందు ఇది చెప్పవలసి వచ్చింది. ఇక ఇంట్లో తీసుకున్న రసం, బయట దొరికే రసం కంటే ఏ విధంగా మెరుగైనదో చూద్దాం.

పెట్టెల్లో, సీసాల్లో దొరికేవాటిలో రెండు జాతులున్నాయి. మామిడి బొమ్మ పెద్దగా వేసి అమ్మే పానీయాల్లో చాలావాటిలో ఉండేది నీరు, చక్కెర, కొంత గుజ్జు. "పండ్ల పానీయం" అన్న పేరు పెట్టుకోవడానికి మన దేశ నిబంధనల ప్రకారం పది శాతం పండ్ల రసం ఉంటే సరిపోతుంది. చిత్తూరు జిల్లాలోని కర్మాగారాలు తోతాపురి కాయల నుంచి తీసే గుజ్జులో ఎంతో భాగం ఇలాంటి పానీయాల్లోకే వెళుతుంది. రెండో జాతి, తనను తాను నూరు శాతం రసంగా చెప్పుకునేది. వీటిలో చాలావాటిని రసాన్ని చిక్కగా మరిగించి, నిలవచేసి, తిరిగి నీరు కలిపి తయారుచేస్తారు. ఇలా నీరు కలిపిన రసాన్ని "నూరు శాతం పండ్ల రసం" అని చెప్పుకోవడం తప్పుదారి పట్టించడమేనని, లేబుళ్ల మీద నుంచీ ప్రకటనల నుంచీ ఆ మాట తొలగించాలని కేంద్ర ఆహార భద్రత ప్రమాణాల సంస్థ 2024 జూన్‌లో ఆదేశించింది. ఇంట్లో మీ కళ్లెదుట పిండిన పండుకు లేబులు అక్కరలేదు.

జ్యూస్ సెంటర్ సంగతి వేరు. అక్కడ పండు నిజమైనదే. కానీ హైదరాబాదులో గానీ మన పట్టణంలో గానీ సపోటా జ్యూస్ అడిగితే వచ్చేది పాలు, చక్కెర, ఐసు, వాటి మధ్య రెండు సపోటాలు. బత్తాయి రసంలో కూడా, వద్దని ముందే చెప్పకపోతే, గరిటెడు చక్కెర పాకం పడుతుంది. ఐసు ఏ నీటితో చేశారో, గ్లాసులు ఏ బకెట్లో ముంచి తీశారో అడిగే అవకాశం ఉండదు. రోజంతా ఎండలో నిలబడి పనిచేసే ఆ మనుషుల శ్రమను నేను తక్కువ చేయడం లేదు. వేడి తగలని రసంలో సూక్ష్మజీవులను చంపే అంచె ఏదీ ఉండదన్నదే నా మాట. పాశ్చరైజ్ చేయని ఆపిల్ రసం ద్వారా 1996లో అమెరికాలో ప్రమాదకరమైన ఈ-కోలై బాక్టీరియా వ్యాపించి పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారంటే, శుభ్రత లోపం ఎక్కడైనా లోపమే. ఇంట్లోనూ ఈ జాగ్రత్త తప్పదు: తొక్క తీసేసే పండే కదా అని కడగకుండా కోస్తే, తొక్క మీది మురికిని కత్తి లోపలికి మోసుకుపోతుంది. మిక్సీ గిన్నె అడుగున బ్లేడు కింద నిన్నటి పిప్పి మిగిలి ఉంటే, ఈరోజు రసం తాజాది అన్న మాటకు అర్థం ఉండదు.

తాజాదనం గురించి ఒక పాత కథ చెప్పాలి. 1747లో బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు జేమ్స్ లిండ్, సాలిస్‌బరీ అనే ఓడలో స్కర్వీ వ్యాధితో చిగుళ్లు వాచి రక్తం కారుతున్న పన్నెండు మంది నావికులను ఇద్దరిద్దరుగా విడదీసి, ఒక్కో జంటకు ఒక్కో మందు ఇచ్చి చూశాడు. నారింజ, నిమ్మ తిన్న ఇద్దరూ వారం తిరగకుండానే కోలుకున్నారు. వైద్య చరిత్రలో ఈ ప్రయోగం ప్రసిద్ధం. అంతగా చెప్పుకోనిది ఆ తరువాతి భాగం. పండ్లు ఓడలో నిలవ ఉండవు కనుక, రసాన్ని వేడి మీద చిక్కబరచి సీసాల్లో పెట్టుకునే పద్ధతిని లిండ్ తన గ్రంథంలో సూచించాడు; ఆ వేడికి, ఆ నిలవకు మందు గుణం చాలావరకు పోయింది. విటమిన్ సి అనేది ఒకటుందనే అప్పటికి ఎవరికీ తెలియదు కనుక, ఏది పోయిందో కూడా ఎవరికీ అర్థం కాలేదు. నౌకాదళం నావికులకు నిమ్మరసం పంచడం మొదలుపెట్టింది 1795లో.

అంటే వేడీ, కాలమూ విటమిన్ సికి శత్రువులే. అలాగని గడియారం చూసుకుంటూ గాబరాపడవలసిన పనీ లేదు. బత్తాయి, నిమ్మ వంటి పుల్లని రసాల్లో ఆమ్లం విటమిన్‌ను కాపాడుతుంది. మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే ఒక రోజులో పోయేది కొద్దిపాటే. రుచి పోవడం వేరే సంగతి. మిక్సీ బ్లేడు వేడికి పోషకాలన్నీ మాడిపోతాయనీ, నెమ్మదిగా నలిపి పిండే ఖరీదైన యంత్రం కొంటేనే "జీవ ఎంజైములు" దక్కుతాయనీ సాగే ప్రచారాన్ని మీరు ఫోన్లలో చూస్తూనే ఉంటారు. అర నిమిషం తిరిగిన మిక్సీలో రసం పెద్దగా వేడెక్కదు. ఇక పండులోని ఎంజైములు మన కడుపులోని ఆమ్లంలో పడగానే మిగతా ప్రోటీన్లలాగే అరిగిపోతాయి, అవి మన తరఫున చేసే పని ఏమీ లేదు. పైగా ఆ యంత్రం పీచును శ్రద్ధగా వేరు చేసి పక్క డబ్బాలో పోస్తుంది. పాతిక వేలు పోసి కొని, పండులో మంచి భాగాన్ని చెత్తబుట్టకు పంపడం నాకు అర్థం కాని వ్యవహారం. మీ వంటింట్లో ఇప్పటికే ఉన్న మిక్సీ, గింజలు తీసిన తొనలను పొరలతో సహా తిప్పి వడకట్టకుండా ఇచ్చేదే మేలైన రసం. గుజ్జుగా చేసినా పండుతో సమానం కాదని ఇందాకటి ప్రయోగం చెప్పింది. కానీ వడకట్టిన దానికంటే ఎంతో నయం.

తోటలున్నవారు ఇక్కడ తలలూపుతున్నారు, ఏమడగబోతున్నారో నాకు తెలుసు: బత్తాయిని అలా పొరలతో తిప్పితే కాసేపటికి చేదెక్కుతుంది కదా. నిజమే. పొరల్లో, గింజల్లో ఉన్న చేదులేని ఒక పదార్థం, రసంలోని ఆమ్లంతో కలిసి ఉండేకొద్దీ లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. అది మారడానికి సమయం పడుతుంది కనుకనే పిండగానే తియ్యగా ఉన్న రసం గంటలు గడిచేసరికి చేదు పుడుతుంది. దానివల్ల హాని లేదు. గింజలు నలగకుండా ముందే తీసేసి, తిప్పిన వెంటనే తాగితే ఆ సమస్యే రాదు. చేదు పోవడానికని చక్కెర వేయడం మాత్రం చెప్పిందంతా మొదటికి తెస్తుంది.

నా దృష్టిలో, మన ఇళ్లలో పండ్ల రసం చేయగల అన్నింటికంటే పెద్ద మేలు ఒకటున్నది, దాని గురించి ఎక్కువమంది మాట్లాడరు. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. మనం ఇనుము తినడం లేదా అంటే తింటున్నాం. తోటకూర, కందిపప్పు, శనగలు, సజ్జలు, రాగులు అన్నింటిలోనూ ఇనుము ఉన్నది. అయితే శాకాహారంలోని ఇనుము పేగుల గోడను దాటి రక్తంలోకి చేరడం కష్టం. ధాన్యాల్లోని ఫైటేట్లు, టీలోని టానిన్లు దాన్ని పట్టుకుని కూర్చుంటాయి. విటమిన్ సి ఆ ఇనుమును కరిగే రూపంలోకి మార్చి, పేగు గ్రహించగలిగేలా చేస్తుంది. కానీ ఒక షరతు ఉన్నది: రెండూ ఒకే భోజనంలో కడుపులోకి వెళ్లాలి. ఉదయం పరగడుపున తాగిన నిమ్మరసం మధ్యాహ్నం తిన్న తోటకూర పప్పుకు సాయపడదు.

కాబట్టి పిండిన రసానికి సరైన చోటు భోజనం పక్కన. పప్పన్నంలో ఒక నిమ్మచెక్క పిండుకోవడం, భోజనంతో పాటు చక్కెర వేయని అర గ్లాసు నిమ్మ నీరు తాగడం, ఒక ఉసిరికాయను మిక్సీలో నీటితో తిప్పి చిటికెడు ఉప్పు వేసుకుని తాగడం, ఇవి చాలు. ఉసిరిలో 100 గ్రాములకు విటమిన్ సి 250 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. పెద్ద కాయ ఒకటి ఒక మనిషి రోజు అవసరానికి దగ్గరగా వస్తుంది, చక్కెర నామమాత్రం. కార్తీకంలో వనభోజనానికి వెళ్లి ఉసిరి చెట్టు కింద తినడంతో ఆపేయకుండా, చలికాలమంతా కాయ దొరికినన్నాళ్లూ భోజనంతో కలిపి వాడుకోవచ్చు. గర్భిణులు, ఎదిగే ఆడపిల్లలు, నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉండేవారు ఈ మాట ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. భోజనం కాగానే టీ తాగే అలవాటును ఒక గంట వెనక్కు జరిపితే ఈ రసం చేసిన పని నిలబడుతుంది. వైద్యులు ఇచ్చిన ఇనుము మాత్రలకు ఇది బదులు కాదు, తోడు.

కూరగాయల రసాల్లో చక్కెర తక్కువ కనుక అవి ఇంకా మంచివన్న మాట స్థూలంగా ఒప్పుకోదగినదే. క్యారెట్ రసం తాగితే దానిలోని, ఒంట్లో విటమిన్ ఎ గా మారే బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొంచెం కొవ్వు తోడు కావాలి. పరగడుపున ఒంటరిగా తాగేకంటే భోజనంతో తాగడం మేలు. టమాటాకు ఎరుపునిచ్చే లైకోపిన్ అయితే ఉడికితేనే బాగా అందుతుంది. టమాటా పచ్చిరసం కంటే మన చారే నయం. బీట్‌రూట్‌కు మాత్రం నిజంగా బలమైన ఆధారం ఉన్నది. దానిలోని నైట్రేటును మన నాలుక మీది బాక్టీరియా నైట్రైటుగా మారుస్తుంది, అది శరీరంలో నైట్రిక్ ఆక్సైడుగా మారి రక్తనాళాలను వదులు చేస్తుంది. లండన్‌లో అధిక రక్తపోటు ఉన్నవారికి రోజూ 250 మిల్లీలీటర్ల బీట్‌రూట్ రసం నాలుగు వారాల పాటు ఇచ్చినప్పుడు పై రక్తపోటు సుమారు 8 పాయింట్లు తగ్గినట్టు 2015లో ప్రకటించారు. ఆపేశాక మళ్లీ మొదటికి వచ్చింది. మౌత్‌వాష్ ఎక్కువగా వాడేవారిలో నాలుక మీది బాక్టీరియా చచ్చిపోతుంది కనుక ఈ ఫలితం కూడా తగ్గుతుంది. మరునాడు మూత్రం ఎర్రగా కనిపిస్తే కంగారుపడకండి, కొందరిలో ఆ రంగు అలాగే బయటికి వస్తుంది. బీపీ మాత్ర మాత్రం మీ అంతట మీరు మానకండి.

ఇప్పుడు కాస్త గట్టిగా చెప్పవలసిన విషయానికి వస్తున్నాను. ఉదయం నడక అయ్యాక సొరకాయ రసం, కాకరకాయ రసం తాగే అలవాటు మీలో చాలామందికి ఉన్నది. సొరకాయ మంచి కూరే. కానీ ఎప్పుడైనా ఒక కాయ చేదుగా ఉంటే, ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే విష పదార్థానిది. 2010లో ఢిల్లీలో సొరకాయ, కాకరకాయ రసాలు కలిపి తాగిన దంపతుల్లో భర్త మరణించాడు, భార్య ఆసుపత్రి పాలైంది. చాలాకాలంగా తాగుతున్న అలవాటే అది; ఆ రోజు కాయ చేదుగా ఉన్నది. ఆ తరువాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘాన్ని నియమించి పరిశీలింపజేసింది. వారి సలహా చాలా సూటిగా ఉన్నది: రసం తీసేముందు చిన్న ముక్క కొరికి చూడండి, చేదుగా ఉంటే మొత్తం పారేయండి, సొరకాయ రసంలో ఇతర రసాలు కలపకండి, తాగాక వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. దీనికి విరుగుడు మందు లేదు. కాకర రసం కలిపినప్పుడు ఏ చేదు ఎవరిదో నాలుకకు తెలియదు కనుకనే కలపవద్దన్నారు. చేదు అంటే మందు గుణం అని నమ్మి, ముక్కు మూసుకుని మింగే మన అలవాటు ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది.

ఆకుకూర రసాల విషయంలో కూడా మితం కావాలి. మూత్రపిండాల్లో రాళ్లుగా పేరుకోగల ఆక్సలేటు పాలకూరలో ఎక్కువ. కూరగా తింటే ఒక కట్టలో సగం తింటాం, ఉడికించి నీరు వంచితే కొంత పోతుంది కూడా. రసంగా అయితే రెండు కట్టలు పచ్చివి ఒక గ్లాసులో కూర్చుంటాయి. రోజూ ఇలా తాగి మూత్రపిండాలు దెబ్బతిన్నవారి వివరాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవారికి నిమ్మరసంలోని సిట్రేటు సాయపడుతుంది, పాలకూర రసం కీడు చేస్తుంది. ఇక మూత్రపిండాల పనితీరే తగ్గినవారి లెక్క వేరు. వారికి పొటాషియం బయటికి పోదు. బత్తాయి రసం, కొబ్బరి నీళ్లు వంటి మామూలుగా మంచివే వారి గుండె లయను తప్పించగలవు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండ వ్యాధి ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో మీకు తెలుసు. కొబ్బరి తోటల మధ్య ఉండి కొబ్బరి నీళ్లకే భయపడవలసిన స్థితి అక్కడి రోగులది. నక్షత్రం ఆకారంలో ఉండే స్టార్ ఫ్రూట్ అయితే ఇటువంటి రోగులకు విషంతో సమానం, ఒక్క గ్లాసు రసం కూడా వద్దు.

పిల్లల గురించి క్లుప్తంగా చెబుతాను. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2017లో ఇచ్చిన సలహా ప్రకారం ఏడాది లోపు పిల్లలకు పండ్ల రసం అక్కరలేదు. మూడేళ్ల వరకు రోజుకు 120 మిల్లీలీటర్లు మించకూడదు. మన ఇళ్లలో ఆరు నెలలకే బత్తాయి రసం చెంచాతో పట్టే ఆచారం ఉన్నది. దాని బదులు మెత్తగా చిదిమిన అరటిపండు పెట్టండి. విరేచనాలు పట్టుకున్న బిడ్డకు నీరసం తగ్గుతుందని రసం పట్టడం ఇంకా పెద్ద పొరపాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్‌లో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే ఉంటుంది. పండ్ల రసంలో లీటరుకు 80 గ్రాములు, అంతకు పైన చక్కెర ఉంటుంది. అంత చక్కెర పేగులోకి చేరితే అది ఒంట్లోని నీటినే పేగులోకి లాగుతుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకుని అమ్ముడైన తీపి పానీయాల మీద హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది. పేరు పోయింది కానీ, పెట్టెలో రసం తెచ్చి బిడ్డకు పట్టే అలవాటు మనలో ఇంకా మిగిలే ఉన్నది.

పళ్లు రాలిన పెద్దవారికి, జ్వరం నుంచి లేచి నోటికి ఏదీ సహించనివారికి, నమలలేనివారికి రసం నిజంగా వరం. వారికి నేను చెప్పిన హద్దులు సడలించవచ్చు. మధుమేహం లేకపోతే రోజుకు ఒక చిన్న గ్లాసు, పిప్పితో సహా, హాయిగా ఇవ్వండి. మధుమేహం ఉన్నవారికి ఒక్కటే మాట: పండు తినండి, రసం తాగకండి. గ్లూకోజు ఒక్కసారిగా పడిపోయి చెమటలు పట్టి వణుకు వచ్చినప్పుడు మాత్రం, ఆ సమయంలో అడ్డుగా నిలిచే పండు నిదానం రసంలో ఉండదు కనుక, అర గ్లాసు రసం వారికి మందే.

పుల్లని రసం పంటి పింగాణీని మెత్తబరుస్తుంది. గుటకలు గుటకలుగా గంటసేపు తాగకుండా ఒక్కసారి తాగి, నీళ్లతో పుక్కిలించి, బ్రష్ చేయాలనుకుంటే అర గంట ఆగండి.

చివరగా మందుల మాట. 1989లో కెనడాలో ఒక రక్తపోటు మందు మీద ప్రయోగం చేస్తూ, అందులో ఇచ్చే ఆల్కహాలు రుచి తెలియకుండా గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపి ఇచ్చారు. రక్తంలో ఆ మందు మోతాదు అనుకున్నదానికంటే ఎన్నో రెట్లు పెరిగింది. పేగుల్లో ఆ మందును విరిచే ఎంజైమును రసం పనిచేయనివ్వలేదని తరువాత తేలింది. గ్రేప్‌ఫ్రూట్ మన దగ్గర అరుదు, కానీ దానికి దగ్గరి చుట్టమైన పంపరపనసలో కూడా అటువంటి పదార్థాలున్నాయి. కొలెస్ట్రాల్ తగ్గించే కొన్ని స్టాటిన్లు, కొన్ని బీపీ మందులు, అవయవ మార్పిడి తరువాత వాడే మందులు తీసుకునేవారు ఆ రసానికి దూరంగా ఉండాలి. బత్తాయికి ఈ బెడద లేదు, కనుక మన రైతులు నిశ్చింతగా ఉండవచ్చు. అలర్జీకి ఫెక్సోఫెనడిన్ వేసుకునేవారు మాత్రం దాన్ని ఏ పండ్ల రసంతోనూ మింగకండి, బత్తాయి, ఆపిల్ రసాలు ఆ మందును ఒంటికి పట్టనివ్వవు, మంచినీళ్లతో వేసుకోండి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నవారు ఆకుకూర రసాలు ఉన్నట్టుండి మొదలుపెట్టినా, ఉన్నట్టుండి మానేసినా మందు లెక్క తప్పుతుంది. గుండెకు, బీపీకి వాడే మాత్రల్లో కొన్ని ఒంట్లో పొటాషియాన్ని పెంచుతాయి; వాటి మీద రోజూ రసం చేరితే ఏమవుతుందో మీ డాక్టరును అడిగి తెలుసుకోవాలి. ఈసారి వెళ్లినప్పుడు మందుల చీటీతో పాటు, ఉదయం ఏ రసం ఎంత తాగుతున్నారో కూడా కాగితం మీద రాసుకుని వెళ్లండి. వారు అడగకపోయినా మీరు చెప్పండి. ప్రశ్నలుంటే ఇప్పుడు తీసుకుంటాను.